కాలేయములోని క్రొవ్వును ధ్వనితో కొలుచుట

కొన్ని మాసముల క్రిందట ఒక గ్రామమున ఆరోగ్య సభ జరుగగా మేమును పోయి యుంటిమి. సభ ముగియు వేళకు వెనుక వరుసలో కూర్చున్న వార్డు సభ్యుడొకరు లేచి, చేతిలోని స్కానింగు కాగితమును పైకెత్తి చూపి ఇట్లడిగినారు: "అయ్యా, నేను యాభై అయిదు కిలోల మనిషిని. మా ఇంటిలో అందరికంటె బక్కవాణ్ణి నేనే. కల్లు, సారా ముట్టను. ఈ కాగితంలో నా లివరుకు క్రొవ్వు పట్టిందని వ్రాశారు. మా బావమరిది నాకు ఒకటిన్నర ఉంటాడు. వాడి కాగితంలో ఏమీ లేదని వ్రాశారు. తప్పు యంత్రానిదా, నాదా?"

సభలోని వారు నవ్విరి. కాని అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. వైద్య శాస్త్రజ్ఞులు సుమారు రెండు దశాబ్దములుగా అనేక దేశములలో, అనేక జాతుల ప్రజలలో పరిశోధించుచున్నది సరిగా ఈ ప్రశ్ననే. ఆనాడు వ్యవధి చాలక చెప్పలేకపోయిన సమాధానమును ఈ వ్యాసమున చెప్పబూనితిమి. పంచాయతీ సభ్యులకు దీనితో మరియొక పని కూడ కలదు. రేపు ఎవరైనను వచ్చి "మీ ఊరిలో ఉచితముగా లివరు పరీక్షలు జరిపెదము, పంచాయతీ కార్యాలయము ఒకనాటికి ఇప్పించుడు" అని కోరినచో, అవునని చెప్పుటకు గాని కాదని చెప్పుటకు గాని ఆ పరీక్ష ఏమిటో ముందుగా తెలిసియుండవలెను.

కాలేయము కడుపులో కుడివైపున, ప్రక్కటెముకల చాటున ఉండును. పెద్దవారిలో దాని బరువు సుమారు కిలోన్నర. మేక మాంసములో కార్జమని మనము పిలుచునది ఈ అవయవమే. ఆరోగ్యముగా ఉన్న కాలేయము ముదురు ఎరుపు రంగున ఉండును; క్రొవ్వు పట్టినది పసుపునకు తిరిగి, జిడ్డు తేలుచుండును. మనము తిన్న ఆహారములో ఖర్చు కాక మిగిలినది, ముఖ్యముగా పిండి పదార్థములు, పంచదార వలన మిగిలినది, కాలేయమున క్రొవ్వుగా మారును. కొలదిగా క్రొవ్వుండుట అందరికిని సహజము. అది నూటికి 5 వంతులు మించినప్పుడు కాలేయమునకు క్రొవ్వు పట్టినదని వైద్యులందురు.

దీనివలన నొప్పి యుండదు, జ్వరము రాదు, కామెర్లు కనబడవు. పలువురికి ఏ హానియు జరుగకనే జీవితము గడచిపోవును. కొందరిలో మాత్రము క్రొవ్వు పట్టిన చోట వాపు పుట్టి, వాపు మానిన చోట మచ్చ కట్టి, మచ్చలు పెరిగి పెరిగి కాలేయము గట్టిపడును. దానినే సిర్రోసిస్ అందురు. కడుపులో నీరు చేరుట, రక్తపు వాంతులు, క్యాన్సరు ఆ దశలో వచ్చు ఉపద్రవములు. ఈ దుస్థితి త్రాగుబోతులకే వచ్చునని చిరకాలము నమ్ముచుండిరి. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్, ఆయన సహచరులు మద్యము అలవాటు లేని 20 మంది రోగుల కాలేయములు త్రాగుబోతుల కాలేయములను పోలియుండుట చూచి, దీనికొక ప్రత్యేకమైన పేరు పెట్టిరి. క్రొవ్వు పట్టిన కాలేయము గలవారిలో ఎక్కువ మంది తుదకు మరణించునది కాలేయ వ్యాధితో కాదు, గుండె జబ్బుతో. ఈ సంగతి చాలమందికి తెలియదు. అందుచేత కాలేయములోని క్రొవ్వును ఒక్క కాలేయమునకే గాక గుండెకును, మధుమేహమునకును చెందిన హెచ్చరికగా ఎంచవలెను.

ధ్వని చేయు పని

కాలేయములో ఎంత క్రొవ్వున్నదో చూచుటకు పూర్వమునుండి ఉన్న మార్గము సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుట. ఆ ముక్క మొత్తము కాలేయములో సుమారు 50,000వ వంతు మాత్రమే. పైగా ఏ బాధయు లేని గ్రామస్థులందరికి సూది గ్రుచ్చుట న్యాయమును కాదు, సాధ్యమును కాదు. అయస్కాంత శక్తితో పనిచేయు ఎం.ఆర్.ఐ. యంత్రము క్రొవ్వును చక్కగా లెక్కకట్టి చెప్పును గాని అది పెద్ద ఆసుపత్రులలో ఉండు ఖరీదైన యంత్రము. అందుచేత ఊరూర ప్రజలను పరీక్షింపదలచిన వారికి ధ్వని యంత్రమే, అనగా మనము వాడుకలో స్కానింగు అనునదే, దిక్కైనది.

మనిషి చెవి క్షణమునకు 20,000 కంపనముల వరకు వినగలదు. కడుపును పరీక్షించు యంత్రము క్షణమునకు ఇంచుమించు 20 లక్షలు మొదలు 50 లక్షల వరకు కంపనములు గల ధ్వనిని లోపలికి పంపును. అది మనకు వినబడదు. చర్మమునకును యంత్రపు కొనకును నడుమ గాలి ఉన్నచో ధ్వని లోపలికి పోదు గనుక, ముందుగా చల్లని జిగట పదార్థమును పూయుదురు. పంపిన ధ్వని శరీరములో క్షణమునకు దాదాపు 1,540 మీటర్ల వేగముతో పోయి, తగిలిన ప్రతిచోట కొంత ప్రతిధ్వనిగా వెనుకకు వచ్చును. దిగుడు బావిలోనికి వంగి కేక వేసినచో వచ్చు ప్రతిధ్వని వంటిదే ఇది. ఎంతసేపటికి తిరిగివచ్చినదో దానిని బట్టి లోతును, ఎంత బలముగా తిరిగివచ్చినదో దానిని బట్టి తెలుపు నలుపులను లెక్కించి యంత్రము తెర మీద బొమ్మ గీయును. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు, బాధ లేదు.

క్రొవ్వు పట్టిన కాలేయములో కనుపించని సన్నని క్రొవ్వు బిందువులు లెక్కలేనన్ని ఉండును. వానికి తగిలి ధ్వని చెదరిపోవును. మాఘ మాసములో తెల్లవారుజామున మంచు దట్టముగా పట్టినప్పుడు బస్సు దీపములు వేసి చూడుడు: ఎదుట నాలుగు గజముల మేర తెల్లగా వెలిగిపోవును, ఆ వెనుక దారి కనబడదు. క్రొవ్వు పట్టిన కాలేయపు బొమ్మ సరిగా ఇట్లే ఉండును. పైభాగము మిక్కిలి తెల్లగా, లోతు భాగము మసకగా కనుపించును. క్రొవ్వు హెచ్చిన కొలది లోపలి రక్తనాళముల గోడలు, కాలేయమునకు పైనున్న ఉదరవితానము అస్పష్టమైపోవును. ఇంత తెలుపు, అంత తెలుపు అని చెప్పుటకు కొలబద్ద ఏది? ప్రక్కనే యున్న కుడి మూత్రపిండమును వైద్యులు సాక్షిగా పెట్టుకొందురు. ఆరోగ్యవంతునిలో ఆ రెండును ఇంచుమించు ఒకే ఛాయలో ఉండును. కాలేయము మూత్రపిండము కంటె స్పష్టముగా తెల్లనైనప్పుడు క్రొవ్వు పట్టినదని నిర్ణయించి, హెచ్చుతగ్గులను బట్టి ఒకటవ, రెండవ, మూడవ గ్రేడు అని వ్రాయుదురు. మూత్రపిండమే రోగగ్రస్తమైనచో ఆ సాక్ష్యము చెల్లదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక చిక్కున్నది. ఈ నిర్ణయము చూచువారి కంటి మీద ఆధారపడినది. ఒకే బొమ్మను ఇద్దరు వైద్యులు చూచి ఒకరు మొదటి గ్రేడనియు మరియొకరు రెండవదనియు చెప్పుట కలదు. అందువలన గ్రేడులో ఒక మెట్టు తేడాను చూచి ఎవరును గాబరా పడనక్కరలేదు. అంతకంటె ముఖ్యమైన లోపము మరియొకటి. కాలేయములో నూటికి 20 మొదలు 30 వంతుల దాక క్రొవ్వు చేరినగాని ఈ బొమ్మలో అది చక్కగా తెలియదు. వ్యాధి 5 వంతుల వద్ద ఆరంభమగునని పైన చెప్పితిమి గదా. 5కును 20కిని నడుమనున్న వారు పెక్కుమంది యంత్రపు కంటికి చిక్కకనే పోవుదురు. 2011లో అనేక పరిశోధనలను కలిపి సూది పరీక్షతో సరిపోల్చి చూడగా, తగుమాత్రముగ గాని అంతకు మించి గాని క్రొవ్వున్న వారు నూరుగురిలో దాదాపు 85 మందిని స్కానింగు పట్టుకొన్నదనియు, అంత క్రొవ్వు లేని వారు నూరుగురిలో దాదాపు 94 మందిని లేదని సరిగా చెప్పినదనియు తేలినది. ఇది మంచి ఫలితమే. అయితే అది కొద్దిపాటి క్రొవ్వును గూర్చిన మాట కాదు.

బావమరిది కాగితములోని రహస్యము కొంత ఇచ్చటనే ఉన్నది. స్థూలకాయులకు చర్మము క్రింద క్రొవ్వు పొర దళసరిగా ఉండి, ధ్వని కాలేయమును చేరకముందే బలహీనపడును. బొమ్మ మసకగా వచ్చును. "ఏమియు లేదు" అను మాటకు "ఏమియు కనబడలేదు" అనియే అర్థము చెప్పుకొనవలెను.

కంటికి బదులు అంకె

కంటి మీద ఆధారపడకుండ అంకె చెప్పగల యంత్రము తరువాత వచ్చినది. పారిస్ నగరమునందలి ఎకోసెన్స్ అను సంస్థ 2003లో ఫైబ్రోస్కాన్ అను యంత్రమును బయటికి తెచ్చినది. ప్రక్కటెముకల నడుమ చర్మమునకు ఆనించి మీట నొక్కగానే అది వ్రేలితో తట్టినట్లు మెల్లగా ఒక తట్టు తట్టును. ఆ అదురు కాలేయములో ఎంత త్వరగా ప్రాకునో యంత్రము ధ్వనితో కనిపెట్టును. మెత్తని కాలేయములో మెల్లగా, గట్టిపడిన దానిలో వేగముగా ప్రాకును. కుమ్మరి కుండను తట్టి చూచి కాలినదో లేదో చెప్పుట వంటి విద్య ఇది. మొదట గట్టిదనమును మాత్రమే కొలుచు ఈ యంత్రమునకు 2010లో క్రొవ్వును కొలుచు శక్తి కూడ చేర్చిరి. ధ్వని కాలేయములో ఒక మీటరు దూరమునకు ఎంత క్షీణించునో లెక్కించి, 100 మొదలు 400 వరకు గల అంకెగా అది చూపును. అంకె పెద్దదైన కొలది క్రొవ్వు ఎక్కువ. పరీక్షకు ముందు కనీసము మూడు గంటలు ఏమియు తినరాదు. పది కొలతలు తీసి నడిమి అంకెను గ్రహింతురు.

ఏ అంకె దాటిన క్రొవ్వు పట్టినట్లు? 2017లో 2,700 మందికి పైగా రోగుల వివరములను ఒకచోట చేర్చి లెక్కించిన శాస్త్రజ్ఞులు 248 అని చెప్పిరి. మరికొందరు అంతకంటె ఎక్కువ అంకెలను ఎన్నుకొనిరి. 248 చెప్పినవారే అదే వ్యాసములో మరియొక మాట కూడ చేర్చిరి, మన వార్డు సభ్యునికి పనికివచ్చునది ఆ మాటయే. మనిషి శరీరపు తీరును బట్టి ఈ అంకెను సవరించుకొనవలెనట. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, బరువును ఎత్తుతో రెండుమార్లు భాగించినచో వచ్చునది శరీర సూచి. అది 25 కంటె ఎక్కువైన కొలది యంత్రపు అంకెనుండి కొంత తీసివేయవలెను; తక్కువైన కొలది కొంత కలుపవలెను. సూచిలో ఒక్కొక్క అంకెకు సుమారు నాలుగున్నర చొప్పున, 20 మొదలు 30 లోపల, ఈ సవరణ చేయుమనిరి. అనగా బక్కవానిలో కనబడిన 240 అను అంకెను, లావాటి వానిలో కనబడిన 240 అను అంకెను ఒకే తక్కెడలో తూచరాదు. బక్కవానికి ఆ అంకె ఎక్కువ గంభీరమైనది.

జనులలో భేదములు

ఒక దేశములో కట్టిన హద్దు మరియొక దేశమునకు సరిపోవునా అను ప్రశ్నకు అమెరికాలో రెండు పెద్ద పరిశోధనలు చక్కని సమాధానమిచ్చినవి. ఆ దేశ ప్రభుత్వము 1988 మొదలు 1994 వరకు జరిపిన జాతీయ ఆరోగ్య సర్వేలో పిత్తాశయపు రాళ్లను వెదకుటకై వేలాది ప్రజలకు స్కానింగు చేసి ఆ బొమ్మలను వీడియో టేపులలో భద్రపరచిరి. చాల సంవత్సరముల తరువాత ఆ టేపులను బయటికి తీసి, ఈ మారు కాలేయములోని క్రొవ్వు కొరకు చూచిరి. మన కార్యాలయములలో పాత దస్త్రములు చెదలు తినకుండ ఉంచినచో ఏమి లాభమని అడుగువారికి ఇదొక జవాబు. పండ్రెండు వేలకు పైగా పెద్దల బొమ్మలను చూడగా, మద్యము కారణము కాని క్రొవ్వు మెక్సికో సంతతి వారిలో నూటికి 24 మందికి, తెల్లవారిలో సుమారు 18 మందికి, నల్లజాతి వారిలో 13 లేక 14 మందికి కనుపించినది.

టెక్సాస్ రాష్ట్రములోని డల్లాస్ నగరమున జరిగిన రెండవ పరిశోధన ఫలితములు 2004లో వెలువడినవి. అందులో ధ్వనికి బదులు అయస్కాంత పద్ధతిని వాడిరి. స్పానిష్ మూలములు గలవారిలో నూటికి 45, తెల్లవారిలో 33, నల్లజాతి వారిలో 24 అని తేలినది. రెండు పరిశోధనలకు స్థలము, కాలము వేరు. అయినను రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచినచో రెండు సంగతులు తోచును. కొద్దిపాటి క్రొవ్వును కూడ పట్టగల పద్ధతిలో అంకెలు పెద్దవైనవి. ధ్వనితో చూచినప్పుడు చిన్నవైనవి. కాని ఎవరిలో ఎక్కువ, ఎవరిలో తక్కువ అను వరుస మాత్రము చెక్కుచెదరలేదు. నల్లజాతి వారిలో స్థూలకాయము, మధుమేహము తక్కువేమియు కావు; అయినను వారి కాలేయములో క్రొవ్వు తక్కువ. దీనికి కారణము కొంతవరకు పుట్టుకలోనే కలదని 2008లో అదే నగరపు శాస్త్రజ్ఞులు ఒక జన్యువును గుర్తించి చూపిరి. శరీరము ఎంత లావైనదో చూచి కాలేయమును ఊహించుట సరికాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన దేశపు గ్రామముల మాట. పశ్చిమ బెంగాలులోని బీర్భూమ్ జిల్లా పల్లెలలో జరిగిన పరిశోధన 2010లో ప్రకటింపబడినది. పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది ఇది. అందులో 1,911 మందిని పరీక్షించిరి. వారి శరీర సూచి సగటు 19.6 మాత్రమే. నూటికి 7గురు మాత్రమే 25 దాటినవారు. పొలము పనులు చేసికొను బక్కపలుచని జనమన్న మాట. ముందు స్కానింగుతో చూచి, సి.టి. యంత్రముతో కూడ సరిచూచి, రెండు సాక్ష్యములు కుదిరినగాని క్రొవ్వున్నదని వ్రాయలేదు. అంత జాగ్రత్తగా చూచినను నూటికి 8.7 వంతున క్రొవ్వు పట్టిన కాలేయములు తేలినవి. అట్లు తేలినవారిలో నాలుగింట మూడు వంతుల మంది శరీర సూచి 25 లోపే ఉన్నది. సగముకంటె ఎక్కువ మందికి అధిక బరువును లేదు, పొట్టయు లేదు. రక్తములో చక్కెర ఎక్కువైనవారిలో, ఆదాయము హెచ్చిన ఇండ్లలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడినది. కాయకష్టము తగ్గి, కొనితినుట హెచ్చిన ఇండ్లు ఏవో మీ మీ గ్రామములలో మీకు మాకంటె బాగుగా తెలియును.

పట్నములకు వచ్చినచో అంకెలు పెరుగును. చెన్నై నగరములో 541 మందిని స్కానింగుతో పరీక్షింపగా నూటికి 32 మందికి క్రొవ్వు కనబడినది (2009లో ప్రకటితము). మధుమేహము ఉన్నవారిలో అది సగమునకు పైన. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములలో నూటికి 84 మంది కాలేయములో క్రొవ్వు హెచ్చుగా ఉన్నది. 71 మంది స్థూలకాయులు. కూర్చున్న చోటినుండి కదలని ఉద్యోగమున్నవారిని గూర్చిన లెక్క ఇది. దీనిని చూపి "తెలుగువారిలో నూటికి 84 మందికి కాలేయము చెడినది" అని ఎవరైన సభలో పలికినచో నమ్మవలదు. బీర్భూమ్‌లో 8.7, హైదరాబాదులో 84 అనగానే బెంగాలీలకును తెలుగువారికిని అంత భేదమున్నదని కాదు. పల్లెకు పట్నమునకు, నాగలి పట్టిన చేతికి కంప్యూటరు పట్టిన చేతికి ఉన్న భేదము అందులో ఎక్కువ. ఎవరిని పరీక్షించిరి, ఏ యంత్రముతో పరీక్షించిరి, ఏ హద్దు పెట్టుకొనిరి అను మూడు ప్రశ్నలు వేయనిదే ఇట్టి అంకెలను పోల్చరాదు. ఇంటింటి జాబితా ప్రకారము పిలిచి పరీక్షించిన లెక్క వేరు, శిబిరమునకు తమంత తాము వచ్చినవారి లెక్క వేరు. శిబిరమునకు ముందుగా వచ్చువారు ఏదో ఒక అనుమానము ఉన్నవారే గదా.

మద్యము సంగతి కూడ ఒక మాట చెప్పవలెను. ఉత్తర ఇటలీలోని కాంపొగల్లియానో, కోర్మోన్స్ అను రెండు చిన్న పట్టణముల ప్రజలలో స్కానింగుతో చూచిన ఫలితములు 2000లో వెలువడినవి. త్రాగుడు గాని స్థూలకాయము గాని లేనివారిలో నూటికి 16 మందికి, అతిగా త్రాగువారిలో 46 మందికి, స్థూలకాయులలో 76 మందికి, రెండును ఉన్నవారిలో 94 మందికి పైగా క్రొవ్వు కనబడినది. యంత్రము క్రొవ్వును చూపును గాని అది సీసాలోనుండి వచ్చినదో విస్తరిలోనుండి వచ్చినదో చెప్పజాలదు. అందుకే వైద్యుడు త్రాగుడును గూర్చి అడుగును. అప్పుడు నిజము చెప్పవలెను.

గ్రామములో చేయదగిన పని

పై విషయములను గమనించినచో ఊరందరికి స్కానింగు చేయించుట పంచాయతీ మొదట తలపెట్టవలసిన పని కాదని తెలియును. భారత ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో ఈ కాలేయ వ్యాధిని మధుమేహము, గుండె జబ్బు, క్యాన్సరు మొదలగు వానిని అరికట్టు జాతీయ కార్యక్రమములో చేర్చినది. దాని పద్ధతి టేపుతో ఆరంభమగును, యంత్రముతో కాదు. ముప్పది యేండ్లు దాటినవారి నడుమును ఆశా కార్యకర్త కొలుచును. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త పడవలెను. మనవారికి శరీర సూచి 23 దాటుటయే అధిక బరువుగా మన దేశపు వైద్యులు ఎంచుచున్నారు. పాశ్చాత్యుల 25 మనకు చెల్లదు. నడుము హెచ్చినవారికి, మధుమేహము ఉన్నవారికి రక్తపరీక్ష చేసి, వయస్సు, రెండు కాలేయ ఎంజైములు, రక్తఫలకముల సంఖ్య కలిపి ఒక చిన్న లెక్క కట్టినచో కాలేయము గట్టిపడు ప్రమాదము ఎవరికున్నదో చాలవరకు తెలిసిపోవును. స్కానింగు, ఫైబ్రోస్కాన్ అటువంటి వారికి ముందుగా అందవలసినవి.

నడుము కొలుచుటలో పొరపాట్లు తరచుగా జరుగును. పంచె మీద, చీర కుచ్చిళ్ల మీద టేపు చుట్టుట, ఊపిరి బిగబట్టి పొట్ట లోనికి పీల్చుట మేము అనేక చోట్ల చూచితిమి. నిలుచుండి, ఊపిరి మామూలుగా విడిచిన తరువాత, చివరి ప్రక్కటెముకకు తుంటి ఎముకకు నడిమి భాగమున టేపును బిగింపక వదులక చుట్టి చూడవలెను. స్త్రీలను కొలుచుటకు చాటు ఏర్పరచుట పంచాయతీ చేయగల సహాయములలో ఒకటి.

శిబిరము పెట్టుటకు వచ్చినవారిని పంచాయతీ తప్పక అడుగవలసిన దొకటి కలదు. స్కానింగు యంత్రముతో గర్భస్థ శిశువు ఆడో మగో తెలిసికొనుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. ఆ చట్టము క్రింద జిల్లా అధికారుల వద్ద నమోదు కాని యంత్రమును ఎచ్చటను వాడరాదు. ఎత్తుకొని పోగల చిన్న యంత్రములను ఊరూర త్రిప్పుటను 2012లో చేసిన నియమములు మరింత కట్టడి చేసినవి. కావున "మేము చూచునది లివరునే" అని చెప్పినంత మాత్రమున చాలదు. నమోదు పత్రమును, అనుమతిని చూపించమని కోరి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి తెలిపిన పిదపనే చోటు ఇయ్యవలెను. శిబిరము అయిన వెంటనే కాలేయమును కడిగి శుభ్రము చేయు మందులని సీసాలు అమ్మజూచిన యెడల వారి ఉద్దేశము మీకే తేటపడును. కాలేయములోని క్రొవ్వు కరగుటకు బరువు తగ్గుటయే ముఖ్య సాధనము. శరీరపు బరువులో నూటికి 5 వంతులు తగ్గినచో క్రొవ్వు తగ్గును. 7 మొదలు 10 వంతులు తగ్గినచో వాపు కూడ తగ్గును. 70 కిలోల మనిషికి 5 నుండి 7 కిలోలన్న మాట. బక్కవారికి అంతకంటె తక్కువ చాలును. వారు పంచదార, తీపి పానీయములు, అన్నపు రాశి తగ్గించి, రోజు అరగంట వడిగా నడచుట మంచిది.

స్కానింగు కాగితములను పారవేయక దాచుకొనుమని కూడ గ్రామస్థులకు చెప్పుడు. తారీఖు, యంత్రము పేరు, ఉపవాసముతో పోయినారా లేదా అను వివరము కాగితము మీదనే వ్రాసి ఉంచినచో, మరుసటి యేడు తీసిన కాగితముతో వైద్యుడు సరిచూడగలడు. వేరు వేరు యంత్రముల మీద తీసిన గ్రేడులను పోల్చుట వలన ప్రయోజనము స్వల్పము.

ఆ వార్డు సభ్యుని సంగతి చెప్పక విడిచితిమి. ఆనాటి సభ ముగిసిన పిదప ఆశా కార్యకర్త ఆయన ఎత్తు, బరువు, నడుము కొలిచినది. శరీర సూచి 22 వచ్చినది. అందులో తప్పు పట్టవలసినది లేదు. సన్నని కాళ్లు, సన్నని చేతులు. కాని వదులు చొక్కా క్రింద నడుము కొలత 91 సెంటీమీటర్లు! ఆయన తండ్రికి చక్కెర వ్యాధి ఉండెడిదని అడుగగా చెప్పినారు. మరునాటి ఉదయము పరగడుపున రక్తపరీక్షకు రమ్మని నర్సు చీటీ వ్రాసి ఇచ్చినది. బావమరిదికి కూడ ఒక చీటీ ఆయన చేతనే పంపినది.